పెళ్ళైన అక్కచెల్లెళ్ళ వరుస

కెర్నర్స్‌విల్, నార్త్ కరోలినా
అక్టోబరు 20, 1986

ఒటీలియా అక్కకు,

నీ ఉత్తరం, ఎండు చేపల పొట్లం రెండూ అందాయి. పోస్టాఫీసులో ఆ వాసనకి అందరూ నా వంకే చూశారు. ఈయన గుండె ఆపరేషన్ గాయం మానిపోయింది. డాక్టరు నడవమన్నాడు, నడవరు. ఉప్పు మానమన్నాడు, మానరు. అంటే మామూలు మనిషైనట్టే అనుకో.

మొన్న ఆదివారానికి మా పెళ్ళయి నలభై ఏళ్ళు. పిల్లలు ముగ్గురూ వచ్చారు. ఆరాధన అయ్యాక ఈయన అందర్నీ కార్లెక్కమన్నారు. ఏదో హోటల్‌కి అనుకుని నేను ఎత్తు మడమల బూట్లు వేసుకున్నాను. తీరా చూస్తే కార్లు స్టోక్స్ కౌంటీ దారి పట్టి, ఈయన వాళ్ళ బాప్టిస్టు చర్చి వెనకున్న సమాధుల తోటలో ఆగాయి. మడమలు మట్టిలో దిగిపోతుంటే అమ్మాయి జోలీన్ చెయ్యి పట్టుకుని నడిచాను. వాళ్ళ నాన్న, తాత, ముత్తాతల వరుస చివర ఏదో ఎత్తుగా దుప్పటి కప్పి ఉంది. ఈయన దుప్పటి లాగేశారు.

కొత్త రాయి అక్కా. బూడిదరంగు గ్రానైటు, నా భుజం దాకా వస్తుంది. పైన పెద్ద అక్షరాలతో 'మాబే'. ఎడమ సగంలో 'తండ్రి', దాని కింద ఈయన పూర్తి పేరు. కుడి సగంలో 'తల్లి', దాని కింద 'కార్లైల్ మాబే భార్య', నేను పుట్టిన సంవత్సరం, ఒక గీత. గీత తర్వాత ఖాళీ. నా పేరు ఎక్కడా లేదు. వాళ్ళింట్లో అది ఆనవాయితీ, ఆడవాళ్ళ రాళ్ళన్నీ అంతే. మా అత్తగారి పేరు ఓలా అని నాకు తెలుసు గానీ, ఆవిడ రాయి ముందు నిలబడ్డవాళ్ళకి తెలిసే దారి లేదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈయన ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడే అనుకున్నారట, బతికి బయటపడితే ముందు చేసే పని ఇదేనని. "ఇక మనల్ని ఎవరూ విడదీయలేరమ్మా" అన్నారు. జోలీన్ పుట్టినప్పటి నుంచీ ఈయన కూడా నన్ను అమ్మా అనే కదా పిలిచేది. నేను చాలా బాగుందన్నాను. అందరం దాని ముందు నిలబడి ఫోటో దిగాం. వచ్చాక నీకు పంపిస్తాను, చచ్చిపోకుండానే సమాధి ముందు ఎంత ముచ్చటగా నవ్వుతున్నానో చూద్దువుగాని.

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నేనెప్పుడూ పోయాక సేలంలో మన సంఘం సమాధుల తోటలో, దేవుని చేనులోనే ఉంటాననుకున్నాను అక్కా. పెళ్ళయ్యాక ఇల్లు మారింది, ఇంటిపేరు మారింది గానీ సంఘం మార్చుకోలేదు. ఆయన తన చర్చికి, నేను మన చర్చికి. చిన్నప్పుడు ఈస్టర్‌కి ముందు అక్కడి రాళ్ళు తోమేటప్పుడు, అమ్మమ్మ తాతయ్య పక్కన ఎందుకు లేదని నువ్వు అడిగితే నాన్న ఏమన్నాడో గుర్తుందా? పెళ్ళైన అక్కచెల్లెళ్ళది ఒక వరుస, మగవాళ్ళది ఇంకోటి, ఎవరు ముందు పోతే వాళ్ళది తర్వాతి చోటు, దేవుడి దగ్గర మొగుడూ పెళ్ళాల లెక్క ఉండదని. అందరికీ ఒకే కొలత తెల్లరాయి, దాని మీద ఎవరి పేరు వాళ్ళది. నాకు అక్కడుండాలని ఉంది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఇప్పుడు ఈయనతో ఎలా చెప్పను?

నీ వెర్నా


బెథెల్, అలాస్కా
నవంబరు 9, 1986

వెర్నా,

చాలా బాగుందన్నావా? నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు. అమ్మ ఆ పసుపుపచ్చ పెళ్ళి గౌను కుట్టించినప్పుడూ ఇదే మాటన్నావు. గదిలోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ అదే మాటన్నావు. నీ మనసులో ఏముందో పాపం కార్లైల్ కలగంటాడా?

అతను మంచివాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఈపాటికి నాలుగు తిట్టి నీ పని నువ్వు చేసుకునేదానివి. పొగాకు పొలంలో ఎండకి మాడిపోయి ముగ్గురిని చదివించిన మనిషిని, బతికి బయటపడ్డానన్న సంతోషంలో రాయి కొనుక్కొచ్చిన మనిషిని నొప్పించడం నీవల్ల కాదు. నాకు తెలుసు. అయినా చెప్పాలి. ఈరోజు ఊరుకుంటే రేపు నీ తరఫున మాట్లాడేది ఆ రాయే. దాన్ని కాదని చెప్పడానికి అప్పుడు నీకు నోరుండదు.

మన సంఘం పుస్తకాల్లో నీ పేరుంది. నీ చోటు నీ హక్కు. ఎవరి దయా అక్కర్లేదు. అమ్మ అక్కడుంది, పెళ్ళి కానిదాన్ని గనుక నేనూ కన్యల వరుసలోకి వచ్చి పడతాను, మధ్యలో దారి దాటితే నువ్వు. ఇంకేం కావాలి?

ఇక్కడ నది గడ్డకట్టింది, మంచు మీద టాక్సీలు తిరుగుతున్నాయి. ఆసుపత్రి ఉద్యోగం విరమించాక పొద్దు పోదేమోనని భయపడ్డాను గానీ, అలాంటిదేమీ లేదు. ఇంట్లోకి మనుషులొచ్చారు, కట్టెలు దించుతున్నారు. ఇక ఆపుతాను. ధైర్యం తెచ్చుకో.

ఒటీలియా


కెర్నర్స్‌విల్
డిసెంబరు 28, 1986

అక్కా,

చెప్పాను. చెప్పి తప్పు చేశానేమోనని ఇప్పటికీ అనిపిస్తోంది.

క్రిస్మస్ ముందురోజు మన చర్చిలో జరిగే ప్రేమవిందుకి చక్కెర రొట్టె పిండి కలుపుతున్నాను. ఈయన బల్ల దగ్గర కూర్చుని, రాయి చుట్టూ ఏ పూలమొక్కలు వేస్తే బాగుంటుందని అడిగారు. నేను పిండిలోంచి చేతులు తీయకుండానే అనేశాను. నేనక్కడ ఉండనండీ, సేలంలో మావాళ్ళతో ఉంటాను అని. మొదట వినపడలేదనుకుని మళ్ళీ చెప్పాను. వినపడింది, ఒకసారి చాలు అన్నారు.

"చచ్చాక నన్ను ఒంటరిగా వదిలేస్తావన్నమాట" అన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. నలభై ఏళ్ళు పక్కన పడుకున్నదానివి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య పడుకుంటానంటే నేనేమనుకోవాలి అన్నారు. నేను అమ్మ ఉంది కదండీ అన్నాను. ఆ రోజు నుంచి అవసరమైతే తప్ప మాట్లాడరు. మొన్న వెళ్ళి ఆ రాయికి టార్పాలిన్ చుట్టి తాడు కట్టొచ్చారట. దాన్ని చూడలేకపోతున్నానని జోలీన్‌తో చెప్పారట.

జోలీన్ ఫోన్ చేసి, "నువ్వూ నాన్నా విడిపోతున్నారా?" అని అడిగింది. అదేం కాదే అంటే, మరి ఇదేమిటని ఏడ్చింది. పెద్దవాడు నాకు వయసు మీద పడి ఏదో అవుతోందని, డాక్టరుకి చూపించమని వాళ్ళ నాన్నకి చెప్పాడు. చిన్నవాడు ఫోనే చేయలేదు.

మా పాస్టరుగారు మంచి కుర్రాడు. సంఘంలో నీ చోటు నీకుందమ్మా, కానీ ఎందుకు కావాలో నీ భర్తకి చెప్పగలవా అని అడిగాడు. అమ్మ అని మొదలుపెట్టి ఆగిపోయాను. అంతకుమించి ఏమీ తట్టలేదు. నేను ఎవరిని అని కూర్చుని ఆలోచిస్తే అంతా ఎవరో ఒకరి తాలూకు మనిషినే. కార్లైల్ భార్యని, జోలీన్ తల్లిని, ఫిషెల్ గారి చిన్నమ్మాయిని. చర్చి నేలమాళిగలో మంగళవారాలు కోడిమాంసం కూరి పైలు చేసేటప్పుడు మాత్రం నన్ను సిస్టర్ వెర్నా అంటారు. పిండి నా అంత పల్చగా ఎవరూ వత్తలేరు. అక్కడ రెండు గంటలు నాకు ఎవరూ గుర్తురారు, ఈయన కూడా. అది పాపమేమో అక్కా? పిల్లల్ని, మొగుణ్ణి దేవుడే ఇచ్చాడు కదా. ఇచ్చినదాంట్లోంచి పక్కకి జరిగి నేనెవరినని అడిగితే ఆయనకి కోపం రాదా?

నువ్వు నా పక్షాన ఉన్నావన్న ధైర్యంతోనే ఇంత దూరం వచ్చాను.

నీ వెర్నా


బెథెల్
జనవరి 20, 1987

వెర్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నీకు నచ్చదు. అయినా ఇప్పుడు కూడా దాచితే నీకు ధైర్యం చెప్పే అర్హత నాకుండదు.

నేను కన్యల వరుసలోకి రావడం లేదు. ఇక్కడే ఉండిపోతాను, అంటే పోయాక కూడా.

కారణం చెబుతాను. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో పురుళ్ళు పోసే ఒక ముసలావిడ దగ్గర పని నేర్చుకున్నానని రాశాను, ఆవిడ పేరు అర్నాక్. పదిహేనేళ్ళ కిందట ఆవిడ పోయాక, నలుగురు కొడుకులూ నా ఇంటికొచ్చి, ఇకనుంచి మా అమ్మ పేరు నీది అన్నారు. ఈ ఊరి యూపిక్ తెగవాళ్ళలో అది పద్ధతి. పోయినవాళ్ళ పేరు పసిపిల్లలకి పెడతారు. ఒక్కోసారి నాలాంటి పెద్దవాళ్ళకీ పెడతారు. పేరుతోపాటు వరసలన్నీ వస్తాయి. ఆ రోజు నుంచీ వాళ్ళు నన్ను అమ్మా అంటారు. పెద్దవాడు ఎలియాస్ నాకన్నా వయసులో పెద్దవాడు, పళ్ళు కూడా లేవు. చలికాలమంతా కట్టెలు తెచ్చి, "అమ్మా, పొయ్యి ఆరిపోలేదు కదా?" అని అడుగుతాడు. ఆవిడకి ఇష్టమని, కొవ్వూ పళ్ళూ కలిపి చిలికిన తీపి చేసి నాకు పెడతారు. ఆవిడకి నవ్వొచ్చే కబుర్లు నాకు చెప్పి, నేను నవ్వుతానేమోనని చూస్తారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండింది. నాకు అమ్మానాన్న పెట్టిన పేరుంది, ఇంకొకళ్ళది నాకెందుకు అనుకున్నాను. ఇప్పుడు రెండు రోజులు ఎవరూ అమ్మా అని పిలవకపోతే కిటికీ దగ్గరకెళ్ళి నిలబడతాను. నీకు ఎందుకు చెప్పలేదంటే, సిగ్గు. నువ్వు ముగ్గురిని కని, నిద్ర లేకుండా పెంచి తెచ్చుకున్న పిలుపు నాకు ఊరికే వచ్చింది. పైగా, ఒంటరిగా హాయిగా ఉన్న ఒటీలియా అనే పేరు మన ఇంట్లో నాకు చాలా కాలంగా ఉంది, అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

పోయినవారం ఎలియాస్ తన తల్లి పక్కన కొండ మీద చోటు చూపించాడు. సరేనన్నాను.

అందుకని, నవంబరులో అంత గట్టిగా రాసిన నేనే ఇప్పుడు అంటున్నాను, కార్లైల్ మాటని అంత తేలిగ్గా తీసేయకు. నువ్వు దించేద్దామనుకుంటున్న పిలుపు కోసం ఇక్కడొక ముసల్ది ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఒటీలియా


కెర్నర్స్‌విల్
ఫిబ్రవరి 11, 1987

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోయాను.

పదిహేనేళ్ళు దాచావు. నేను నా చెప్పుల సైజు నుంచి నెలసరి ఆగిపోవడం దాకా అన్నీ నీకు రాశాను. నువ్వు మాత్రం చలి, నది, చేపలు రాశావు. నలుగురు కొడుకులున్నారన్న సంగతి నాకు తెలియదు. చెల్లెల్ని కదా, వాళ్ళకి నేను పిన్నినే కదా.

అది అలా ఉంచు. నన్ను ముందుకు తోసింది నువ్వు. ఇప్పుడు నువ్వే మొగుడి పక్కన పడుకోమంటున్నావు. నీకు అమ్మ అన్న పిలుపు బాగుందంటే అది నువ్వు కోరి ఒప్పుకున్నది. వద్దంటే వాళ్ళు వెళ్ళిపోయేవారు. నన్నెవరైనా అడిగారా? నా పిల్లలంటే నాకు ప్రాణం. వాళ్ళకి తల్లిని కాకుండా పోవాలని ఏనాడూ అనుకోలేదు. తల్లిని మాత్రమే అని రాతి మీద చెక్కితేనే ఊపిరాడలేదు.

ఇక్కడ సంగతులు చెప్పాలంటే, ఈయన గురువారం సాయంత్రాలు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్తున్నారు. అడిగితే పనుందంటారు. వకీలు దగ్గరకేమోనని జోలీన్ భయం. నాకు అడగాలని లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెవాళ్ళలా ఉన్నాం.

వెర్నా


బెథెల్
మార్చి 8, 1987

చెల్లీ,

తిట్టావు, పడ్డాను. పిన్ని అన్న మాట ఎలియాస్‌కి చదివి వినిపించాను. నీకు సీలు చర్మంతో చేతి తొడుగులు కుట్టిస్తున్నాడు. నార్త్ కరోలినాలో అంత చలి ఉండదంటే వినడం లేదు.

నువ్వన్నది నిజం. నేను కాదనగలిగి ఒప్పుకున్నాను. నీకు కాదనే వీలు ఎవరూ ఇవ్వలేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం నా తెలివితక్కువ. నేను భయపడి అలా రాశాను. నేనక్కడికి రావడం లేదు కదా, ఆ చేనులో నువ్వు ఒక్కదానివే అయిపోతావని, ఆ పాపం నాది కాకూడదని నిన్ను కార్లైల్ వైపు తోశాను.

ఒక్క సంగతి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పాస్టరుకీ, మొగుడికీ, నాకూ అమ్మ అనే చెబుతున్నావు. అమ్మ ఉన్న వరుస ఎప్పుడో నిండిపోయింది వెర్నా. నీ చోటు అమ్మ దరిదాపుల్లో ఎక్కడా రాదు, ఎవరో నీకు తెలియని ఇద్దరి మధ్య వస్తుంది. ఈ సంగతి నీకూ తెలుసు, ఏటా వెళ్ళి తోముతున్నదానివి. అమ్మ కోసం కాదు. మళ్ళీ ఎవరో ఒకరి కూతురిగా చెబితేనే నీ కోరికకి విలువ ఉంటుందనుకుంటున్నావు. కార్లైల్‌కి సాకు చెప్పావు, అది అతనికీ తెలిసే ఉంటుంది. అందుకే అంత గుచ్చుకుంది.

అమ్మని తీసేసి చెప్పి చూడు. మాట దొరక్కపోతే దొరకలేదని చెప్పు. నీ ఇష్టం ఏదైనా నేను నీ వెనకే.

ఒటీలియా


కెర్నర్స్‌విల్
ఏప్రిల్ 20, 1987

అక్కా,

నిన్న ఈస్టర్. తొడుగులు శుక్రవారం వచ్చాయి, ఎలియాస్‌కి చెప్పు, తోట పనికి వేసుకోనని, దాచుకుంటానని. అతనికి విడిగా ఉత్తరం రాస్తున్నాను.

శనివారం నేను బకెట్, బ్రష్షు, పూలు కారులో పెట్టుకుంటుంటే ఈయన వచ్చి నేనూ వస్తానన్నారు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాని మనిషి. దేవుని చేనులో జనం, నీళ్ళ చప్పుడు, పిల్లల అరుపులు, నీకు తెలిసిందే. అమ్మ రాయి ఇద్దరం కలిసి తోమాం. ఈయన మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాల సందుల్లో నాచంతా గోటితో తీశారు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, "మనిద్దరికీ చోటు ఎక్కడ వస్తుంది?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. గురువారాలు వెళ్ళింది మా పాస్టరుగారి దగ్గరకట. సభ్యత్వం పాఠాలు. నాకు చెప్పొద్దని మాట తీసుకున్నారట. ఈస్టర్ తర్వాతి ఆదివారం సంఘంలో చేరి నన్ను ఆశ్చర్యపరచాలని. అరవై ఆరేళ్ళ బాప్టిస్టు అక్కా, తాతల కాలం నుంచీ బాప్టిస్టు. వాళ్ళ తమ్ముడికి తెలిస్తే మొహం చూడడు. నువ్వు అక్కడికి రానంటే నేనే ఇక్కడికి వస్తే సరిపోతుంది కదా అనుకున్నానన్నారు.

ఎందుకు చేరుతున్నారో పాస్టరుగారు అడగలేదు, ఈయన చెప్పలేదు. మనవాళ్ళ వరుసల సంగతి ఆ పాఠాల్లో రాలేదట. నేను దారికి అవతల మగవాళ్ళ వైపు చూపించాను. నాన్న అక్కడ, అమ్మ ఇక్కడ, వాళ్ళూ అంతేనండీ, మీరు చేరినా నా పక్కన చోటు రాదు అని చెప్పాను. ఆయన అటు చూసి, ఇటు చూసి, "మీరెక్కడి మనుషులే" అన్నారు. తర్వాత బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఆ వయసులో అలా కూర్చున్న మనిషిని చూస్తే నా గుండె తరుక్కుపోయింది. సరేలెండి, నేనే స్టోక్స్‌కి వస్తానని నోటిదాకా వచ్చింది. చాలా బాగుంది అనడం ఎంత తేలికో నీకు తెలుసు కదా.

అనలేదు. ఎదురుగా గడ్డిలో కూర్చున్నాను. నేనేం తక్కువ చేశానో చెప్పమన్నారు. ఏమీ తక్కువ చేయలేదన్నాను. అమ్మ కోసమని చెప్పాను గానీ అది అబద్ధమన్నాను. తెలుసన్నారు. మరి ఎందుకన్నారు. అప్పటిదాకా నాకూ తెలియదు అక్కా, నోరు తెరిచాకే వచ్చింది. వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను.

"పునరుత్థాన దినాన లేవగానే నేను ముందు మీ వైపు చూస్తానండీ. మీరు బాగున్నారా, మీకేం కావాలి, పిల్లలు ఎక్కడున్నారు అని. నలభై ఏళ్ళ అలవాటు, ఊరికే పోదు. దేవుడు ఎదురుగా నిలబడి ఉన్నా ఆయన్ని చూడను. ఒక్కసారి నన్ను ఎవరూ పిలవని చోట లేచి, ఆయన పేరుపెట్టి పిలిస్తే పలికి, నా ముఖం ఆయనకి చూపించుకోవాలని ఉంది. ఆ తర్వాత మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాను."

పక్క వరుసలో ఎవరో పసిదాని మీద నీళ్ళు ఒలికాయి, అది ఏడుస్తుంటే ఈయన అటే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆ రాయిని ఏం చేయమంటావన్నారు. ఉండనివ్వండి, పిల్లలకి నేను తల్లినే, అందులో అబద్ధం లేదు, కాకపోతే దాని కింద నేను ఉండనన్నాను. తలూపారు. ఇవాళ పొద్దున్నే పాస్టరుగారికి ఫోన్ చేసి, క్షమించమని, పుట్టినట్టే బాప్టిస్టుగా పోతానని చెప్పారు. పిల్లలకి కూడా ఆయనే చెప్పారు. జోలీన్ ఏడ్చింది గానీ, ఈసారి నన్నేమీ అనలేదు.

అడిగింది దొరికింది కదా, సంతోషంగా ఉంటాననుకున్నాను. లేదక్కా. శనివారం రాత్రి ఈయన ఊపిరి వింటూ, ఈ మనిషిని ఒక్కణ్ణే ఆ గ్రానైటు కింద ఎలా వదలను అని ఏడుపొచ్చింది. అయినా మార్చుకోను. రెండూ నిజమే, ఏం చేయను.

నీకు చెప్పాల్సింది ఇంకొక్కటుంది. అక్కడ గడ్డిలో నేను ఆ మాటలన్నీ చెప్పాక, కారు దగ్గరికి నడుస్తుంటే ఆయన ఆగి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు. దేనికండీ అన్నాను. దేవుడితో నీ పని అన్నారు. తెలియదన్నాను, ఎప్పుడూ ఒక్కదాన్నే వెళ్ళలేదు కదా అన్నాను.

"సరే, నేను రాయి దగ్గరే ఉంటాను. స్టోక్స్ దారి నీకు తెలుసుగా" అన్నారు.

ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. దారి తెలుసని చెప్పాను.

నీ వెర్నా